పద్యానికి డబ్బింగ్

రేపు సాయంత్రమే మా పద్యనాటకం. ఈ రోజు చిక్కడపల్లిల రిహార్సల్‌కు కొత్త డైరెక్టర్ వచ్చిండు. టీవీల రెండు సీరియళ్లు, వారం గూడ ఆడని సినిమా ఒకటి తీసిన ఘనుడు. హార్మోనియం నాది. రాజు వేషం కట్టే యాదగిరన్న రాగం తీస్తుంటే మధ్యల శ్రుతి తప్పింది. "ఇంకోసారి అందుకుంట సార్" అన్నడు.

డైరెక్టర్ వాచీ చూసుకొని, "వద్దులే, డబ్బింగ్‌లో సరిచేద్దాం" అన్నడు.

"రేపు స్టేజీ మీద పాడేది గద సార్! జనాన్ని గూడ డబ్బింగ్ థియేటర్‌కే రమ్మందామా?" అన్నడు యాదగిరన్న.

మేమందరం నవ్వినం. డైరెక్టర్ నవ్వలేదు. "ఎంతమంది వస్తారు?" అని అడిగిండు.

ఈయనకు శాలువా కప్పి మరీ పిలుచుకొచ్చింది మేమే. మీకెవరికన్న ఈయన కావాల్నా? పక్కనే ఉన్న నారాయణగూడ దాకైతే మేమే దిగబెడ్తం.