మూసిన షట్టర్ వెనక లెక్క

"లాభం... రెండు... మూడు..."

మూసిన షట్టర్ వెనక నుంచి ఆడగొంతు. ఒక్కో అంకెతో పాటు ఒక పొడవాటి ఊపిరి, ఆ వెంటనే ఇనుము నేలను తాకిన చప్పుడు. బయట మెట్టు మీద ఆ ధాన్యం కొట్టు యజమాని రాజలింగం తన ఊపిరి తాను మరిచి వింటున్నాడు.

మానుకోట బజారంతా బంద్. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెకు బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, ధాన్యం కొట్లు కళ్లు మూసుకున్నాయి. వానలు వెనకబట్టిన ఆకాశంలో మబ్బులు ఏకిన పత్తిలా తేలుతున్నాయి.

లోపల ఉన్నది ఆయన భార్య రాజేశ్వరి. అరవై దాటిన మనిషి. హోలీ నాడు గుండెపోటు వచ్చి బతికింది. చక్కెర జబ్బు కూడా ఉంది. "మంచంల పండబెడితే కండ కరుగుతది," అంది హన్మకొండ డాక్టరమ్మ. "తిన్న చక్కెరకు కండే గోదాం. గోదాం కూలితే సరుకంతా నెత్తుట్లనే ఉంటది, ఇగ ఇన్సులిన్ సూదులే. చిన్న చిన్న బరువులు లేపు. గుండెకూ అదే మంచిది."

రాజలింగం వద్దన్నాడు. ఆమె వినలేదు, కొట్లోని ఐదు కిలోల ఇనుప తూకపు రాయి అందుకుంది. ఏళ్ల తరబడి హమాలీలను చూసిన కళ్లు కదా, వాళ్లలాగే దమ్ము బిగబట్టి లేపింది. కళ్లు బైర్లు కమ్మి బస్తాల మీద కూలింది. డాక్టరమ్మ కోప్పడింది: "దమ్ము పడితే బీపీ ఒక్కసారే ఎగురుతది. లేపేటప్పుడు ఊపిరి వదలాలె. మాట్లాడుకుంట లేపు."

అప్పుడు రాజలింగానికే తోచింది, వడ్లు కొలిచేటప్పుడు పాడే లెక్క. కొలతలో ఒకటి అనరు, లాభం అంటారు. లెక్క వినబడినంతసేపూ ఊపిరి ఆడుతున్నట్టే. దగ్గరుండి చూసే ధైర్యం లేక ఆయన రోజూ బయట కూర్చుని వింటాడు.

"లాభం... రెండు..."

సందు మలుపులో నినాదాలు. గులాబీ జెండాలు. అందరికన్నా ముందు దేవ్‌సింగ్, ఈ కొట్లోనే బస్తాలు మోసే హమాలీ. రాజలింగం లేచి నిలబడ్డాడు. బంద్ నాడు మూసిన కొట్లో కొలత లెక్క వినబడితే ఎవరైనా ఏమనుకుంటారు? మొన్న దొంగచాటుగా మిర్చి తూచిన ఒక కొట్టు మీద రాళ్లు పడ్డాయి.

షట్టర్‌ను వేలితో తట్టాడు. "సప్పుడు చెయ్యకు. వస్తున్నరు."

లెక్క ఆగింది. రాయి నేలకు దిగిన చప్పుడు మాత్రం రాలేదు.

"సేటూ, లోపట తూకం నడుస్తున్నదా?" దేవ్‌సింగ్ మెట్టెక్కాడు. "మాతోని జై కొట్టి, ఎనుక దందా చేస్తున్నవా?"

"సేటుకు తెలంగాణ వచ్చినా లాభమే, రాకున్నా లాభమే," అన్నాడు వెనక ఒకడు.

రాజలింగం చెవుల్లోకి ఆ మాటలు చేరలేదు. లోపలి నిశ్శబ్దం ఒక్కటే చేరింది, బావిలో చేద తెగి పడ్డాక మిగిలే నిశ్శబ్దం. ఆయన రెండు చేతులతో షట్టర్ పైకి తోశాడు.

"లెక్క చెప్పు, రాజేశ్వరీ. గట్టిగ చెప్పు."

వెలుతురు పడ్డచోట ఆమె నిలబడి ఉంది. రాయి భుజం ఎత్తున ఉంది. ముఖం కందింది, పెదవులు బిగిశాయి, మెడ మీద నరం లేచింది.

"మూడు," అంది, లోపలి గాలినంతా వదిలేస్తూ. రాయి దిగింది. ఆమె బస్తా మీద కూర్చుంది. ఛాతీ ఎగసి పడి, ఎగసి పడి, నెమ్మదించింది.

"ఏందక్కా గిది?" దేవ్‌సింగ్ గొంతు తగ్గింది.

"గుండెకు దవా."

"రాయి లేపుడా? జిందగీ అంతా మోసినం, మరి మాకెందుకు బీపీ?"

"మోయలేనంత మోస్తరు, అదీ దమ్ము పట్టి మోస్తరు. ఊపిరి ఇడువుకుంట లేపుండ్రి."

"ఊపిరి ఊదుకుంట లేపితే ముసలోడయిండని మా మేస్త్రి నవ్వుతడు."

"నవ్వనియ్యి. ఆయనను గూడ తోల్కరా."

జనంలో నవ్వు పుట్టింది. దేవ్‌సింగే షట్టర్ దించాడు. "జర మెల్లగ లెక్కపెట్టక్కా. బజారంతా బేరం నడుస్తున్నదనుకుంటది."

సమ్మె ముగిసి బస్సులు తిరిగాక హన్మకొండ పోయారు. చక్కెర దిగింది. బీపీ కూడా కొంత దిగింది. సూదులు ఇప్పుడే అక్కర్లేదంది డాక్టరమ్మ. రాజలింగం మాత్రం మెట్టు మీద కూర్చోవడం మానలేదు.

ఇదంతా రాయడానికి నేను వివరాలు అడగబోయిన రోజు, ఇంకా భయమేస్తుందా అంటే రాజేశ్వరి రాయి కోసం వంగింది.

"భయం ఆయనకు, నాకు యాడిది? రాసింది చాలు, జర పక్కకు జరుగు బిడ్డా. ఎడమ చెయ్యి మిగిలింది."