అక్కను కరిచిన లోరిస్

జంతువుల సంరక్షణ కేంద్రంలో అందరికీ ఆవిడ అక్కే. ముసలి డాక్టరు కూడా అలాగే పిలిచేవాడు. సొంత తమ్ముడు, అంటే ఆ కేంద్రం బండి నడిపే డ్రైవరు, మాత్రం వెనకాల మొండిఘటం అనేవాడు. నిజమే మరి. గ్లౌజులు తొడుక్కోమని నెత్తీనోరూ కొట్టుకున్నా వినేది కాదు.

అక్కడికి వచ్చేవన్నీ దొంగ వ్యాపారుల దగ్గర పట్టుబడిన స్లో లోరిస్‌లు, మన దేవాంగపిల్లి లాంటివి. రెండు గుప్పిళ్లంత ఒళ్లు, ముఖమంతా కళ్లు. కరవకుండా ఆ వెధవలు గోళ్లు తీసే కత్తెరతో వాటి పళ్లు కత్తిరించేస్తారు. పళ్లు పోతే చెట్టు బెరడు గీరి జిగురు తినలేవు, అడవికి పంపితే ఆకలితో చస్తాయి. అందుకే అక్క మెత్తటి పండు తినిపిస్తూ బోనుల్లోనే వాటిని కడదాకా సాకేది. ఇన్నేళ్లలో ఒక్కటంటే ఒక్కటి తిరిగి వెళ్లలేదు.

ఆ ఉదయం వచ్చినదాన్నీ ఒట్టి చేత్తోనే ఎత్తింది. అది రెండు చేతులూ తలపైకి లేపింది. వీడియోలు చూసి మురిసిపోయేవాళ్లు దాన్ని చక్కిలిగింత అనుకుంటారు గానీ, అది హడలిపోవడం. మోచేతి లోపల ఊరే రసాన్ని నాకి ఉమ్మితో కలిపిందంటే విషమే. అక్కకు తెలియక కాదు. బోసినోటిది ఏం చేస్తుందిలే అనుకుంది.

కసుక్కున పళ్లు దిగాయి.

"నాలుక మొద్దుబారుతోందిరా" అంది చెయ్యి కడుక్కుంటూనే. బండెక్కేసరికి పెదాలు ఉబ్బాయి. తమ్ముడికి పైప్రాణాలు పైనే పోయాయి. కూడలిలో ఇటుకల లారీ అడ్డంగా ఆగింది.

"తియ్యవయ్యా బాబూ! మా అక్క చచ్చిపోతోంది!"

వెనక సీట్లో ఊపిరి ఈల వేస్తోంది.

"చెప్పానా లేదా అక్కా? ఏదైనా మాట్లాడు. తిట్టు పోనీ!"

ఆమె ఏదో చెప్పబోయింది. గొంతు దాటలేదు. కరిచిన వేలు ఎత్తి చూపించింది. నొప్పి కాబోలనుకుని తమ్ముడు ఇంకా బెదిరిపోయాడు.

"కుక్కా?" అంది ఆసుపత్రిలో నర్సు.

"లోరిస్! దాని కాటు విషం సిస్టర్! ఊపిరాడట్లేదు, ముందు సూది వెయ్యండి!"

తొడకు సూది పడింది. కాసేపటికి ఈల తగ్గింది. తమ్ముడు మంచం పట్టె పట్టుకుని భోరుమన్నాడు.

"ఆ దరిద్రపు దాన్ని ఇవాళే ఎక్కడో పారేసి వస్తాను."

"అడవిలో వదలాలిరా" అంది అక్క బొంగురుగా. వాచిన ముఖంలో కళ్లు కనబడడం లేదు గానీ నవ్వుతోంది. "దానికి పళ్లున్నాయి."

ఇంకోసారి కరిస్తే మనిషి దక్కదని, వాటి దరిదాపులకు కూడా వెళ్లొద్దని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. అక్క నవ్వు ఆగిపోయింది. గోడవైపు తిరిగి పడుకుంది. తమ్ముడు జేబులోంచి బండి తాళాలు తీశాడు.

"నేను తీసుకెళ్తాలే అక్కా."

"అది చెట్టెక్కేదాకా ఉండి చూడు" అంది అటు తిరిగే. "వచ్చి నాకంతా చెప్పాలి."