లెవెల్ రాయి ఎవరికీ తెలియదట

అరవైల మొదట్లో నేను కొత్త ఓవర్సీరును. ఉద్యోగం కొత్తదే గానీ కోపం పుట్టుకతో వచ్చింది. పరకాల వైపు చెరువు కాలువ సర్వేకి సుబేదారిలోని మా ఇరిగేషన్ ఆఫీసు నన్నూ, సర్వే సామాను మోసే ఆరుగురు ఖలాసీలనూ పంపింది. పాత సర్వేవాళ్లు ఎత్తుకు గుర్తుగా అంకెలు చెక్కి పాతిన లెవెల్ రాయి దొరికితే తప్ప మా కొలతలు మొదలు కావు. దాని ఎత్తు రిజిస్టరులో ఉంది, అది ఎక్కడుందో మాత్రం లేదు. గురువారం ఇంజనీరు వస్తాడు. ఆలోగా కొలతలు తేలకపోతే నా పని అయిపోయినట్టే.

పాత సర్వేలో కొలత కర్ర పట్టుకున్న పెద్దాయన మా ఖలాసీల్లోనే ఉన్నాడు. హసన్‌పర్తి మనిషి, ఆదివారం చర్చి తప్పనివాడు. రాయి ఎక్కడని అడిగితే నేల చూపులు చూస్తూ "యాదికి లేదు సార్" అన్నాడు. నాకు తిక్క రేగింది. అన్నం తింటున్నావా గడ్డి తింటున్నావా అని అందరి ముందూ కడిగేశాను.

తర్వాత అయిదు రోజులు ముళ్లకంపల్లో తిరిగాం. కనిపించిన ప్రతి బండ ముందూ మోకాళ్ల మీద కూలబడి అంకెల కోసం వెతికాను. నాకేదో గాలి సోకిందని ఒక రైతు నిమ్మకాయ కూడా తెచ్చాడు.

మంగళవారం గొలుసు లాగే ఖలాసీ, ఆ పెద్దాయన బామ్మర్దే, నా పక్కకొచ్చాడు.

"గిట్ల అందర్ల ముందట అడిగితే ఆయన చెప్పడు సార్. జర ఒక్కన్నే తీస్కపోయి మంచిగ అడుగుండ్రి."

నాకే పాఠమా అని మండింది. గురువారం గుర్తొచ్చి చల్లబడ్డాను. పెద్దాయనకు చాయ్ తాగించి, "పెద్దయ్యా, జర సాయం చెయ్యి" అన్నాను. ఆయన నా సైకిలెక్కి తోవ చూపించాడు.

తీరా చూస్తే ఆ రాయి, చెరువు గట్టు మీద నేను రోజూ చెప్పులు విడిచి దండం పెట్టుకుని దాటే కట్టమైసమ్మే! ఒళ్లంతా పసుపు కుంకుమ, ముందు కొబ్బరి చిప్పలు.

"నేనే పూసిన సార్. రైతులు రాళ్లు పీకి బాయిగట్టుకు పెట్టుకుంటాండ్రు. గిట్ల జేస్తే ఎవ్వడు ముట్టడని. మా బామ్మర్దికి ఎర్కైతే పాస్టరుకు చెప్తడు. ఇగ చర్చిల నన్ను పాట పాడనియ్యరు. ఇరవై ఏండ్ల సంది నేనే పాడ్తాన సార్." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను అన్న మాటలు నాకే గుచ్చుకున్నాయి. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

కానీ మర్నాడు అందరం సామానుతో అక్కడికే పోవాలి కదా. పెద్దాయన కొలత కర్ర పట్టుకుని, బామ్మర్దికి కనబడకుండా రాయికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవరో పూజ చేసినట్టున్నారు" అంటూ నేను నటన మొదలుపెట్టాను. బామ్మర్ది పక్కనుంచి వంగి రాయిని ఓసారి చూసి, జేబులోంచి పసుపు పొట్లం తీశాడు.

"మొన్నటి వానకు జర కడుక్కపోయింది బావా. పోయినేడు గుడ నేనే పూసిన. నువ్వు ఫికర్ చెయ్యకు."

మిగతా నలుగురూ నవ్వారు. పెద్దాయన కర్ర వదిలేసి బామ్మర్దిని కావలించుకున్నాడు.

అంటే అందరికీ ముందే తెలుసన్నమాట! నేను ముళ్లలో పాకుతుంటే చోద్యం చూశారన్నమాట! "మరి నాకెందుకు చెప్పలేదురా?" అని అరిచాను.

"ఆయన దాసుకున్న ముచ్చట మేమెట్ల చెప్తం సార్?" అన్నాడు బామ్మర్ది. "మీరు మొదటి దినమే మంచిగ అడిగితే ఆయనే చెప్తుండె."

నాకు సిగ్గేసింది. తల దించుకుని లెవెల్ పుస్తకం తెరిచాను.