నాకు తప్పు వేయని ఊరు

నేను రాసిన ఉత్తరాలు పదకొండు. ఒక్కదానికీ జవాబు లేదు. నాలుగింటికి మాత్రం "మీ లేఖ సంబంధిత విభాగమునకు పంపడమైనది" అని ముద్ర వేసిన కాగితం వచ్చింది. ఆ సంబంధిత విభాగం ఏదని అడుగుతూ ఇంకొకటి రాస్తే, దాని మీదా అదే ముద్ర వేసి పంపారు. పెన్షనర్ల సభలో మాట్లాడమని పిలిచి, నా వంతు వచ్చేసరికి భోజనాలకు లేవండి అన్నారు. ఇంతవరకూ ఎవరూ వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ బదిలీల్లో, భోగాపురం దగ్గర తీరంలో ఉన్న ఒక మత్స్యకార పంచాయతీకి నన్ను కార్యదర్శిగా వేశారు. ఊరి పేరు రాయను. వాళ్లు పడింది చాలు. నాది గ్రేడ్ వన్. కార్యదర్శుల గ్రేడు పంచాయతీ జనాభాను, ఆదాయాన్ని బట్టి ఉంటుంది. గ్రేడ్ వన్ మనిషిని అంత చిన్న పంచాయతీకి మామూలుగా వేయరు. నన్నెందుకు వేశారో నాకు తెలుసు. అంతకు ముందటి సమీక్షా సమావేశంలో మా డివిజన్ అధికారి చదివిన అంకె తప్పని అందరి ముందూ అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. జూన్‌లో ఆర్డరు వచ్చింది.

విజయనగరం నుంచి రోజూ బస్సులో వెళ్లి, హైవే దగ్గర దిగి, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరేవాణ్ణి. ఏ ఇంటికి ఎంత పన్ను పడిందీ, ఎంత కట్టిందీ రాసే పుస్తకాన్ని డిమాండు రిజిస్టరు అంటాం. ఆ ఊరి రిజిస్టరులో పేర్లు ఉన్నాయి. కట్టినట్టు రాయవలసిన చోట గీతలున్నాయి. నాకు ముందు పనిచేసినవాళ్లు ఏటా ఆ గీతలు శ్రద్ధగా గీసి వెళ్లారు. పన్ను కట్టే ఇల్లు ఒక్కటి కనబడింది, రిటైరైన హెడ్మాస్టరు ప్రకాశరావు గారిది. మిషన్ చర్చి కుటుంబం. రసీదులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచుకున్న మనిషి.

జనవరిలో మంచినీళ్ల మోటారు కాలిపోయింది. హైవే పక్క బోరులోంచి మోటారు తోడితే ట్యాంకు నిండాలి, ట్యాంకు నిండితే కుళాయిలు రావాలి. ఉన్నది ఆ ఒక్క మోటారే. ఆడవాళ్లు సరుగుడు తోట వెనక ఇసకలో చెలమలు తవ్వుకుని, గిన్నెతో ముంచి బిందెలు నింపుకునేవారు. ఒక బిందె నిండేసరికి పూట గడిచేది. చేపల గంపతో పొద్దున్నే ఊళ్ల మీదికి వెళ్లవలసిన మనుషులు చెలమ దగ్గర వరసలో కూర్చునేవారు.

కొత్త మోటారు పంచాయతీ సాధారణ నిధి నుంచి కొనాలి. సాధారణ నిధి అంటే ముఖ్యంగా ఇంటిపన్ను, కుళాయి పన్ను. అది ఖాళీ. అధికారి దగ్గరికి వెళ్లాను. వసూలు లేని పంచాయతీకి పనులడిగే ముఖం ఉండకూడదు, ముందు వసూలు చేసి రండి, అన్నారు. అటెండరు వింటుండగా అన్నారు. అది నేను మరచిపోలేదు. కానీ ఆ మాటలో న్యాయం ఉందని కూడా అనుకున్నాను. అందుకే ఫిబ్రవరిలో తుపాను షెల్టరులో గ్రామసభ పెట్టించాను.

సర్పంచి గారు నమస్కారం పెట్టి కూర్చున్నారు. తర్వాత అంతా నా నెత్తినే పడింది. ముందు లేచింది ప్రకాశరావు మాస్టారు. బియ్యం గవర్నమెంటే ఇవ్వాలి, పింఛను గవర్నమెంటే ఇవ్వాలి, పడవ పోతే పరిహారమూ ఇవ్వాలి, ఏడాదికోసారి ఇంటిపన్ను అంటే మాత్రం జనం సముద్రంలోకి పారిపోతారని ఆయన వాదం. మోటారు వచ్చాక కట్టినవాళ్ల కుళాయి మాత్రమే ఉంచి మిగతావి కోసేయమన్నారు.

చేపలమ్మే పోలమ్మ కూర్చున్నచోటు నుంచే అందుకుంది.

"ఏటి మాస్టారూ, పన్ను నువ్వొక్కడివే కడతన్నావా? మా పడవలో పోసీ డీజిలుకి కట్టనేదా? వల కొంటే కట్టనేదా? అగ్గిపెట్టి కొన్నా కడతన్నాం. నీ జీతం ఏ సముద్రంలోంచి వచ్చిందనుకుంతన్నావు? ఇంకోపాలి అలాగన్నావంటే సూడు, రేపట్నించి నీ ఇంట ఒట్టి పప్పే."

షెల్టరంతా నవ్వింది. మాస్టారు కోపంగా గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. చేప లేకుండా ఆయనకు ముద్ద దిగదని ఊరందరికీ తెలుసు.

పోలమ్మ నావైపు తిరిగింది. "అక్కడ ఇమానాలు దిగడానికని కడతన్న స్థలంలో దుమ్ము నెగకుండా టాంకర్లతో నీళ్లు కొడతన్నారు. మా గొంతు కన్నా దుమ్ము మేలా బాబూ? పన్ను కడితే నీళ్లొస్తాయా, నీళ్లొస్తే పన్ను కట్టాలా? ముందేటో సెప్పు."

ముప్పై ఏళ్లకు పైగా సర్వీసు చేశాను. ఆ ప్రశ్నకు ఏ సర్క్యులర్‌లోనూ సమాధానం చూడలేదు.

అప్పుడు కులపెద్ద ఎర్రన్న మాట్లాడాడు. డెబ్భై దాటిన మనిషి, వేట మానేసి చాలా కాలమైంది. ఆయన చెప్పింది అర్థం కావాలంటే ఆ ఊరి పద్ధతి చెప్పాలి. ఏ పడవ ఒడ్డుకు వచ్చినా, వేలంలో చేప అమ్మగానే ఊరి వాటా పక్కకు తీస్తారు. అడిగేవాడు ఉండడు, ఎగ్గొట్టేవాడూ ఉండడు. నెలకోసారి ఇసకలో అందరూ కూర్చుంటారు. వాటా సొమ్ము ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి లేచి, దేనికి ఖర్చయిందో నోటితో చెప్తాడు. ఎవరైనా అడగవచ్చు. చెప్పలేకపోతే అతనికి తప్పు వేస్తారు. తప్పు అంటే జరిమానా. అది కడితే విషయం అక్కడితో సరి. మర్నాడు మళ్లీ అందరితో కలిసి వల లాగుతాడు.

ఎర్రన్న అడిగింది ఒక్కటే. "మా వాటా ఎటెల్తాదో మాకు తెలుస్తాది. మీ పన్ను ఎటెల్తాది? ఎవుల్ని అడగాల?"

నన్నడగండి, అన్నాను నేను.

ఒక కార్యదర్శి ఎన్నడూ అనకూడని మాట అది. పంచాయతీ సొమ్ము మా చేతిలో ఉండదు. చలానా రాసి ట్రెజరీలో జమ చేస్తాం. మళ్లీ అందులోంచి పైసా రావాలంటే తీర్మానం, ఇంజనీరు అంచనా, కొటేషన్లు, ఆ మీద ఆన్‌లైన్‌లో బిల్లు. ఆ బిల్లు పాస్ చేసే చేయి ఎవరిదో మాకు కనిపించదు. ఇదంతా తెలిసీ, ఈ పన్నుతో మోటారు వస్తుంది, రాకపోతే నన్నడగండి, అని ఊరి ముందు అన్నాను. అధికారి మీద పంతమో, పోలమ్మ ప్రశ్నకు ఏదో ఒకటి చెప్పాలన్న తొందరో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఎర్రన్న సరే అన్నాడు. ఎనిమిది రోజుల్లో ఊరంతా కట్టేసింది. డబ్బంతా ఒక్క మూటగా తెచ్చి, ఊరి పేరు మీద ఒక్క రసీదు ఇమ్మన్నారు. అలా కుదరదు, డోరు నంబరుకొక రసీదు ఉండాలి. రెండు రోజులు షెల్టరులో కూర్చుని నేనే రాశాను. ఇన్ని కాగితాలు ఎందుకు బాబూ, ఊరొకటే కదా, అని నవ్వారు. పోలమ్మ తన రసీదు మడిచి కొంగున కట్టుకుంది.

నూరు శాతం వసూలు అని పత్రికలో వచ్చింది. మా అధికారి ఫోటో వేశారు. కింద "సిబ్బంది కృషితో" అని రాశారు. ఆ సిబ్బంది నేనే.

విజయనగరంలో మోటార్ల షాపు యజమాని, పంచాయతీల పాత బిల్లులే రావాలి, పాసైన కాగితం చూపిస్తేనే బండి ఎక్కిస్తాను, అన్నాడు. పై అనుమతి తీసుకుని కొటేషను మీదే బిల్లు పెట్టాను. రోజూ కంప్యూటర్లో చూసేవాణ్ణి. "పరిశీలనలో ఉన్నది." మార్చి మొదటి వారం అదే, చివరి వారం అదే. ఆటో దిగగానే చెలమ దగ్గరి ఆడవాళ్లు అడిగేవారు. మొదట్లో "మోటారొచ్చిందా బాబూ" అని. తర్వాత "బిల్లొచ్చిందా" అని. బిల్లు అనే మాట వాళ్లకు నేనే నేర్పాను.

మార్చి ముప్పై ఒకటి దాటితే పాస్ కాని బిల్లులు వెనక్కి వస్తాయి. మాదీ వచ్చింది. కారణం రాయవలసిన గడి ఖాళీగా ఉంది.

అధికారి దగ్గరికి వెళ్లాను. పన్ను వేరు, పని వేరు, కట్టారు కదా అని వెంటనే చేసేస్తామా, అసలు మాటివ్వడానికి మీరెవరు, అన్నారు. చట్టం ప్రకారం ఆయన అన్నది తప్పు కాదు. పన్ను అంటే సరుకుకి ఇచ్చే వెల కాదు. కానీ ఆ సంగతి ఫోటో దిగిన రోజు చెప్పలేదు. మూడో రోజు మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. పరిధి దాటి హామీ ఇచ్చినందుకు నాపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపమన్నారు. పన్నెండు పేజీల్లో తెలిపాను. బిల్లు మళ్లీ పెట్టాను.

ఏప్రిల్ నడిమికి వేట నిషేధం వస్తుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలలూ ఊరి వాటా రాదు. అప్పటిదాకా పోగైన సొమ్ములోంచే మగదిక్కు లేని ఇళ్లకు, ముసలివాళ్లకు బియ్యం కొంటారు. నిషేధం మొదలయ్యే ముందు ఇసకలో కూర్చునే రోజున నేను వెళ్లాను. ఎవరూ పిలవలేదు. చలానా, తీర్మానం, బిల్లు నకలు ఒక సంచిలో వేసుకున్నాను. జేబులో నా నెల జీతం పెట్టుకున్నాను. తప్పు వేస్తారు, కట్టేద్దాం, అనుకున్నాను.

అందరూ ఇసకలో కూర్చున్నారు. నాకోసం షెల్టరు నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించారు. కింద కూర్చుంటానంటే ఒప్పుకోలేదు. నేను లేచి అంతా చెప్పాను. కాగితాలు చూపించాను. బిల్లు ఎందుకు ఆగిందో నాకు తెలియదని కూడా చెప్పాను. మాట ఇచ్చింది నేను, చెప్పలేకపోయాను, మీ పద్ధతి ప్రకారం తప్పు వేయండి, అన్నాను.

ఎర్రన్న తల అడ్డంగా ఊపాడు. "తప్పు మావోళ్లకేస్తాం బాబూ. నువ్వు గవర్నమెంటోడివి."

పోలమ్మ అంది: "నీకు తప్పేస్తే రేపు నువ్వొచ్చి మాతోపాటు వల లాగుతావేటి? ఎల్లిపోతావు. ఇంకోడొస్తాడు. ఆడూ ఇలాగే సంచట్టుకొస్తాడు. మా కాడ తీసుకున్నోడెవుడో నీకే తెల్దు. ఎవుడికెయ్యాల తప్పు? కూకో, టీ తాగెల్లు."

టీ ఇచ్చారు. తాగాను. అటెండరు ముందు పడ్డ మాట, పత్రికలో పేరు లేకపోవడం, మెమో, ఇవన్నీ నాకు గుర్తున్నాయి. కానీ నా సర్వీసులో నన్ను ఎవరైనా అవమానించారంటే అది ఆ కుర్చీలో కూర్చోబెట్టడమే. వాళ్లు కోపంతో చేయలేదు. మర్యాదగా చేశారు.

నేనక్కడ ఉండగానే ఊరి వాటా సొమ్ముతో మోటారు కొనాలని నిర్ణయించారు. నిషేధపు బియ్యానికి ఉంచిన సొమ్మే అది. రెండో రోజు విజయనగరం నుంచి మోటారు వచ్చింది, మూడో రోజు కుళాయిలు వచ్చాయి. ఆ నిషేధంలో బియ్యం సగమే పంచారు. సగం అందినవాళ్లలో పోలమ్మ అత్త ఒకామె. ఊరే మోటారు కొనేసింది కాబట్టి ఇక అవసరం లేదని నా రెండో బిల్లు కూడా తిప్పి పంపారు. ఈసారి కారణం రాశారు.

మరుసటేడు ఆ ఊరు పన్ను కట్టలేదు. ప్రకాశరావు మాస్టారు కూడా కట్టలేదు. ఎందుకండీ అని అడిగితే, "నీళ్లకని ఊరి వాటాలో నేనూ కొంత వేశానయ్యా, రసీదు అడగబుద్ధి కాలేదు" అన్నారు. వసూలు పడిపోయినందుకు నాకు రెండో మెమో వచ్చింది. దానివల్ల నా పెన్షన్ కాగితాలు రిటైరయ్యాక కూడా నెలల తరబడి కదలలేదు. నా తర్వాత వచ్చిన కార్యదర్శి, ప్రజల సహకారం లేదు, అని రాశాడని తెలిసింది.

ఇప్పుడు ఏ టీవీ పెట్టినా ఇదే వాదన. పన్ను కట్టనివాళ్లకు అన్నీ ఉచితమా అని ఒకరు, పేదవాడి నెత్తిన పన్నా అని ఇంకొకరు. విజయనగరం కోట దగ్గర పొద్దున్నే నడిచే మా పెన్షనర్లు కూడా ఇవే మాటలు చెప్పుకుంటారు. చేపలవాళ్లు పన్ను కడతారా అని నన్నడుగుతారు. కట్టారు, అంటాను. నమ్మరు.

ఆ ఊరు నాకు నేర్పింది ఇంతే. పన్ను మాట ఎత్తే ముందు, అడిగితే జవాబు చెప్పే మనిషి పేరు ఒకటి చెప్పగలగాలి. నేను నా పేరు చెప్పాను, అది చెల్లలేదు. పేరు చెప్పకుండా వసూలుకు వెళ్లే ఏ కార్యదర్శికైనా నా సలహా, రిజిస్టరులో గీతలు గీసుకోవడమే మేలు.

ఇక ఇది చదువుతున్నవారిలో ఆ మొదటి బిల్లు ఎవరి ముందు ఆగిందో వారూ ఉండవచ్చు. మీకు రెండు ప్రశ్నలు. బిల్లు ఎందుకు ఆపారు? ఆ ఊరు కట్టిన పన్ను ఇప్పుడు ఎక్కడుంది? జవాబు నాకు పంపనవసరం లేదు. పేరు, హోదా రాసి, సంతకం పెట్టి, ఎర్రన్న పేర ఆ ఊరికి పంపండి. ఊరి పేరు ఆ బిల్లులోనే ఉంది. నెలకోసారి ఇసకలో కూర్చుంటారు, ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. పన్ను బాకీదారుకి డిమాండు నోటీసు ఇస్తే పదిహేను రోజులు గడువు ఇచ్చేవాళ్లం. మీకూ అంతే ఇస్తున్నాను.