రాజేశం మింగని గోలి

పొద్దుగాల, సాంచల మీద బట్ట నేసే మా రాజేశం కడిగిన బీపీ గోలి ఒకటి కాయితంల పెట్టుకొని అచ్చిండు.

"అన్నా, దొడ్డికి పోతే మింగింది మింగినట్టే బయటికొస్తుంది. ఒళ్లు మందును వద్దంటుందంటే నా పనైపోయినట్టేనా?"

మందుల డబ్బలల్ల మడిచిపెట్టిన కాయితాలు సుత ఇడ్వకుంట చదివెటోన్ని, నాకు నవ్వొచ్చింది. గోలిని బ్లేడుతోని కోసి చూపెట్టిన. పైన సూదిమొనంత బొక్క, లోపలంత డొల్ల.

"మందు గా బొక్కలకెళ్లి రోజంత మెల్లమెల్లగ దిగుతది తమ్మీ. నూలైపోయినంక కండె మిగిలినట్టు పొట్టు మిగుల్తది. భయపడి గోలీలు బంద్ పెట్టేవు!"

"బంద్ పెట్టి వారమాయె అన్నా. గిది ఇయ్యాల్టిది."

నోట్లె నవ్వు నోట్లెనే ఉండిపోయింది. వెంటనే దవాఖానకు తోల్కపోయిన. పాత గోలి పొట్టే వారం సంది పేగుల ఆగి ఉంటదన్నడు డాక్టరు, గోలీలు మళ్ల సురువు చేయించిండు.

పొట్టు మాత్రం నా బల్ల మీదనే ఉన్నది. వారం దాక పేగుల ఆగుతదా అని నాకింక అనుమానమే, పారేద్దామంటే చెయ్యొస్తలేదు. మీరైతే ఏం జేస్తురు?