బటన్ లేని పియానో

ఫుజైరాలో మా తెలుగు చర్చి క్వయర్‌ని నడిపేది కీబోర్డు వాయించే అన్నయ్య. ఆయనకు వచ్చిన స్కేలు ఒక్కటే, సి. మిగతా స్కేళ్ళన్నీ ట్రాన్స్‌పోజ్ బటన్ చూసుకునేది. వేళ్ళు అవే మెట్ల మీద తిరుగుతుంటాయి, బటన్ నొక్కితే శ్రుతి పైకో కిందికో జరుగుతుంది. అయినా ఆయన ముందు సంగీతం ఊసెత్తితే మనకు పాఠం తప్పదు.

ఆ ఏడు క్రిస్మస్‌కి దుబాయ్‌లో ఒక స్కూలు హాల్లో కొన్ని చర్చిలు కలిసి కచేరీ పెట్టాయి. మా వంతుకు పందొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ కాలం నాటి జర్మన్ పాట, తెలుగు మాటలతో. ఆ కాలం సంగీతకారులకు ఒకచోట కుదురుండదు. హాయిగా సాగే వరస నడిమధ్యలో స్కేలు మారి, పై ఎత్తున మళ్ళీ మొదలై మనసు పిండేస్తుంది. ఆ మలుపు నుంచి సోలో నాది. హాస్పిటల్లో నర్సు డ్యూటీలు మార్చుకుంటూ ఏళ్ళ తరబడి వెనక వరసలో నిలబడ్డాక దక్కిన మొదటి సోలో. సోలోలు ఎప్పుడూ అన్నయ్య వాళ్ళావిడే పాడేది. ఈసారి ఆవిడకు ఆ ఎత్తు అందలేదు.

ప్రాక్టీసులో మలుపు దగ్గర అన్నయ్య చెయ్యి తీసి బటన్ నొక్కేవాడు. ఆ ఖాళీలో మేమంతా ఊపిరి పీల్చుకునేవాళ్ళం. రాసినాయన కూడా అక్కడే ఊపిరి పెట్టాడనుకున్నాం, పాపం.

కచేరీ రోజు వేదిక మీద నల్లటి పెద్ద పియానో. అది ఉంటుందని ముందే తెలిసి, అసలుది ఉండగా బొమ్మెందుకని అన్నయ్య కీబోర్డు ఇంట్లోనే వదిలి వచ్చాడు. మొదట్లోనే శ్రుతి పెంచే బటన్ లేదు గనక ఉత్త సి లోనే మొదలెట్టాడు. పాట మా అలవాటు కన్నా బాగా కిందికి దిగి, క్వయరంతా జలుబు చేసినట్టు గొణిగింది. మలుపు వచ్చింది. ఆయన ఎడమ చెయ్యి అలవాటుగా లేచి నున్నటి చెక్కను తడిమింది. అక్కడ ఏమీ లేదు. క్వయరంతా శ్రద్ధగా ఊపిరి పీల్చి ఆగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళకు వచ్చిన పాట, ఈయన చెక్క తడుముకుంటుంటే పోనివ్వాలా? నా గొంతుకు ఎక్కడ హాయో అక్కడికి ఎక్కి అందుకున్నాను. చివరిదాకా పియానో తోడు లేకుండా ఒక్కదాన్నే పాడాను.

తర్వాత టీ దగ్గర ఆ స్కూలు మ్యూజిక్ టీచరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, మలుపులో పియానో ఆపేయడం ఎంత గొప్ప ఆలోచనో అని మెచ్చుకుంది. అన్నయ్య వినయంగా తల వంచాడు. ఆవిడ అటు వెళ్ళగానే నావైపు తిరిగి, "నువ్వే కాస్త పైకెళ్ళిపోయావు చెల్లెమ్మా. పర్లేదులే, ఖలాస్," అన్నాడు.

"మరి మీ చెయ్యి దేనికోసం వెతికిందన్నయ్యా?" అన్నాను.

టీ చల్లారిపోతోందన్నాడు. తిరుగు బస్సులో మాత్రం ఆ పియానోకి శ్రుతి సరిగా లేదని అందరికీ చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడు.

మరుసటి ఏడు మళ్ళీ అదే పాట. కాస్త కింది స్కేల్లో, వాళ్ళావిడ సోలో, కారులో వెంట తెచ్చుకున్న కీబోర్డుతో. నేను వెనక వరసలో నిలబడి, ఆయన బటన్ నొక్కినప్పుడు అందరితో పాటు ఊపిరి పీల్చుకున్నాను.