రెక్కల కారులో కుడిపక్క సీటు

మొన్న మా పక్కింట్లో పెండ్లి. పెండ్లికొడుకును ఎక్కించుకోను పూలతో సింగారించిన తెల్లకారు వచ్చి మా వాకిలి ముందరే నిలబడింది. నేను నా గడప మీద నిలబడి చూస్తాండా. ఆ ఇంటాయన నవ్వుకుంటానే దగ్గరికొచ్చి, "అవ్వా, కారు కదిలేదాకా రవ్వంత లోపలికి పోయి కూర్చో. తప్పుగా అనుకోవద్దు" అన్నాడు. తప్పుగా కాకపోతే ఇంకెట్ల అనుకోవల్లనో అది మాత్రం చెప్పలేదు. నేను పోలేదు. తలుపుకు ఆనుకోని, ఇంకా బాగా కనపడేటట్ల నిలబడితి. ఆ పొద్దంతా నా ఒళ్లు మండింది. ఆ మంట మీదనే మా కూతుర్ని కూర్చోబెట్టుకోని ఇది చెప్తాండా. వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్నంతే నా చదువు. రాసేది అది, మాటలు నావి.

మా ఆయన గుత్తి రోడ్డులో మెకానిక్కు. లారీలు, ట్రాక్టర్లు, బోరు మోటార్లు, ఏది చెడిపోయినా ఆయన కాడికే తెస్తాండ్రి. తలకు నూనె పెట్టుకున్నా గ్రీసు వాసనే వచ్చేది ఆ మనిషి దగ్గర. రెండువేల సంవత్సరం వస్తే లోకం మునిగిపోతాదని అందరూ చెప్పుకుంటాండిన కాలం. మునిగేదానికి మాకు వానలు యాడున్నాయి! అట్లాంటప్పుడు ఒకనాడు మూతపడిన నూనెమిల్లులో పాత సామాన్లు చూడను పోయి, ఆడ షెడ్డులో ఒక కారును చూసి వచ్చినాడు. మిల్లు పెట్టిన సావుకారి ఎప్పుడో బెంగుళూరు నుంచి తెప్పించుకున్న అమెరికా కారంట. ఆయప్ప పోయినాక దాన్ని ముట్టినోళ్లు లేరు. "ఎనకపక్క రెండు రెక్కలుండాయే, చేపకున్నట్ల నిక్కబొడుచుకోని" అని రెండు చేతులూ వీపెనక పెట్టి చూపిస్తాడు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. నేను ఒప్పుకున్నాననుకున్నాడు. పుట్టింటికి పోయి తిరిగొచ్చి చూస్తే కొట్టంలో నా పాడి ఎనుము లేదు. ఎనుముండే చోట కారుండాది.

అడగల్లనా, వద్దా? దూడగా ఉన్నప్పటి నుంచి నేను మేపిన ఎనుము. కరువులో యాడెక్కడి గడ్డో కోసి, నెత్తిన మోసుకొచ్చి బతికించుకున్న ఎనుము. చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చి, "పో, పోయి పిండుకోరా పాలు" అన్నా. మొగున్ని 'రా' అన్నది అదే మొదలు. ఆయన చెంబు పట్టుకోని కారు పక్కనే కూర్చున్నాడు. ఊరు ఊరంతా తిరనాళ్లకు వచ్చినట్ల వచ్చి చూసింది. మా మరిది, అంటే ఆయన తమ్ముడు, అప్పట్లో టెంపో నడుపుతాండె. "అన్నా, దీనికి పొద్దున ఏం దాణా పెడ్తావు?" అని అందరి ముందరా ఎగతాళి. ఆ కారు చూస్తే ఏముంది? టైర్లు లేవు, అద్దాలు లేవు, ఇంజను పట్టేసింది. బానెట్టు ఎత్తితే ఎలకల కాపురం. డిక్కీ అయితే ఇద్దరు ఆడోళ్లు కాళ్లు చాపుకోని పండుకునేంత. దాంట్లో కోళ్లు గుడ్లు పెట్టింటే, ఆ గుడ్లు మాత్రం నేనే తీసుకుంటి. ఎనుముకు బదులు మాకు అదే దక్కింది.

కోపంగా ఉన్నా చెయ్యి ఊరికే ఉండదు కదా. ఆయన ఒక్కడే పొద్దుమునిగే దాకా ఉప్పుకాగితంతో తుప్పు రుద్దుతాంటే చూడలేక నేనూ ఒక ముక్క తీసుకుంటి. తిట్టుకుంటానే రుద్దినా. ఆ రెండు రెక్కల మీది తుప్పూ నా చేతుల మీదుగానే రాలింది. గోర్ల సందుల్లో ఆ ఎర్రపొడి దిగబడి, అన్నం కలిపితే ఇనుము వాసన వస్తాండె. సీట్లకు రెక్సిను తొడుగులు దబ్బనంతో నేనే కుట్టినా, గోనెసంచులు కుట్టే దబ్బనమే. పాడైపోయిన వ్యాను నుంచి డీజిలింజను ఊడదీసుకొచ్చి ఆయన దాని కడుపులో పెట్టినాడు. ఎనక లైట్ల ఎర్రద్దాలు యాడా దొరక్క లారీవి కోసి అతికించినాడు. ఇంక రంగు. మా దిక్కు ఆషాఢం గాలి తెలిసినోళ్లకు చెప్పే పనిలేదు. అన్నం తట్టలో సగం దుమ్మే. దుమ్ము పడితే రంగు చెడిపోతాదని చుట్టూ గోనెపట్టలు కట్టి వాటిని తడుపుతా ఉండల్లంటాడు. ట్యాంకరు వస్తే బిందె నీళ్లకు ఆడోళ్లు జుట్లు పట్టుకునే కాలం అది. "తాగేదానికి లేవు, నీ కారుకు స్నానమా?" అని అరిచి అరిచి నా గొంతు పోయింది. అరిచినాక, నేను పోసుకోను పెట్టుకున్న నీళ్లు తెచ్చి ఆ పట్టల మీద చల్లినా. ఒళ్లు కడుక్కోకుండా ఎన్ని దినాలుంటినో చెప్తే బాగుండదు. కడాకు మైలుతుత్తం మాదిరి నీలం రంగుతో ఆ కారు బయటికొచ్చినప్పుడు, ఎగతాళి చేసిన మా మరిదే దాని రెక్క మీద చెయ్యి పెట్టి ఫోటో తీయించుకున్నాడు.

దానికొక పెద్ద రోగముంది. స్టీరింగు ఎడమపక్క. ముందర లారీ పోతాంటే, దాన్ని దాటల్లంటే అవతల ఏమొస్తాందో నడిపేవానికి కనపడదు, లారీ ముడ్డి తప్ప. మొదటిసారి బళ్లారి రోడ్డు మీదికి తీసినప్పుడు నేను కుడిపక్క కూర్చున్నా కాబట్టి బతికినాము. ఎదురుగా బస్సు. నేను పెట్టిన కేకకు ఆయన ఎనక్కు తిప్పుకున్నాడు. చెట్టు కింద ఆపి, చెమట తుడుచుకోని, "నా మెడ అంత దూరం సాగదు గానీ, ఇంక నువ్వు ఆ పక్క కూర్చోని చెప్పు" అన్నాడు. అప్పటినుంచి అది నా పని. రెండే మాటలు: "పో", "ఆగు". ఇన్నేండ్ల కాపురంలో నేను చెప్పింది మారుమాట్లాడకుండా ఆయన విన్నది ఆ సీట్లోనే. రెక్కల కారని పేరు పడి, గుత్తి కాన్నుంచి గుమ్మఘట్ట దాకా పెండ్లిండ్లకు పిలుస్తాండ్రి. ఎనక పెండ్లికొడుకు, పెండ్లికూతురు; ముందర మేము. పెండ్లికూతుర్లకు కొంగు జారితే పిన్ను పెట్టేది నేను, కడుపులో తిప్పితే నిమ్మకాయ ఇచ్చేది నేను. "నువ్వుంటే ధైర్యమక్కా" అని నా భుజం పట్టుకున్న పిల్లలు ఎంతమందో. కరువు ఊరిమీద ఉన్నింది గానీ ఆ సీట్లో కూర్చుంటే నా మీద లేకుండె.

ఆయన కామెర్లతో పోయినాడు. దాని గురించి చెప్పను, అది నా సొంతం. గాజులు పగలగొట్టిన చేతులకు పుండ్లు మానకముందే పెండ్లిండ్ల కాలం వచ్చింది. కారు మరిది నడుపుతానన్నాడు, సరేనంటి. తెల్లారకముందే లేచి కారు కడిగినా, సీట్లు తుడిచినా, పూలు కట్టినా. నా సీట్లో కూర్చోను పోతాంటే వాడు తల గోక్కుంటా, "వదినా, నువ్వు ఇంట్లో ఉండు. ఇంక ముందరి సీట్లో నువ్వుంటే బాగుండదు" అన్నాడు. అంతటితో అయిపోలేదు. కారు బయలుదేరేటప్పుడు నా మొగం కనపడకూడదంట. నన్ను ఎనక గదిలోకి పొమ్మని బయట గెడియ పెట్టినాడు. కడిగే చెయ్యి పనికొస్తాది, కట్టిన పూలు పనికొస్తాయి, మొగమే పనికిరాదు! చీకట్లో నిలబడి ఆ ఇంజను చప్పుడు దూరం పోయేదాకా వింటి. ఆయన ప్రాణం పోయినప్పుడు కూడా నేను అంత ఒంటరిగా లేను.

అట్ల కొన్ని పెండ్లిండ్లు జరిగినాంక, పక్కూరి పెద్ద ఆసామి కొడుకు పెండ్లి వచ్చింది. అనంతపురంలో లగ్నం. ఆ ఆసామి పార్టీల్లో తిరిగే మనిషి, గొంతు పెద్దది. నా సీట్లో పెండ్లికొడుకు మేనమామను కూర్చోబెట్టినారు. దోవలో ముందర పొడుగాటి ట్రైలరు తగిలింది. గాలిమర రెక్కను ఎత్తుకపోయేది, నత్త మాదిరి పోతాందంట. "అన్నా, పోదునా?" అని అడిగినాడంట మరిది. "చూసుకోని పోప్పా" అన్నాడంట మేనమామ. "నాకు కనపడదన్నా, నువ్వే చూడల్ల." "నడిపేది నువ్వు, చూసేది నేనా? ఏం డ్రైవరువప్పా నువ్వు!" బస్సులు దాటిపోయినాయి, ఆటోలు దాటిపోయినాయి. పెండ్లికొడుకు మాత్రం ఆ గాలిమర రెక్క ఎనకాలే అనంతపురం దాకా పోయినాడు. ఆడికి చేరేలోపల లగ్నం దాటిపోయింది.

మరుసటినాడు ఆ ఆసామి మా వాకిట్లోకొచ్చి నిలబడినాడు. "ముండమోపి మొగం చూసి బయలుదేరింటే ఇంకేమైతాది?" అన్నాడు. రాసేటప్పుడు మా కూతురు ఆ మాట వద్దమ్మా అంటాంది. వద్దెందుకు? వాడు అన్నదే రాయి. మేనమామను అనలే. ట్రైలరును అనలే. గెడియ పెట్టిన గదిలో గోడను చూస్తా కూర్చున్న నన్ను అన్నాడు. నేను మరిది దిక్కు తిరిగి, "చెప్పు. నన్ను యాడ పెట్టి పోయినావో ఆయప్పకు చెప్పు" అన్నా. వాడు నేల చూస్తాడు. "చెప్పరా!" వాడు పోయి కారద్దం తుడవబట్టినాడు. వీధిలో ఆడోళ్లంతా నిలబడి చూసినారు. ఆసామి పోయినాక మరిది నెమ్మదిగా నా కాడికొచ్చి, "కారు అమ్మేద్దాం వదినా, పేరు పోయింది" అంటాడు. "పేరు పోయింది కారుదా, నాదా?" అంటి. ఆ పొద్దు నాకు ఆసామి మీద కన్నా వీని మీద ఎక్కువ కోపమొచ్చింది. వాడు పరాయోడు. వీడు నా చేతి అన్నం తిన్నోడు.

అంతకుముందే ఒప్పుకున్న పెండ్లి ఇంకొకటుండె, గుమ్మఘట్ట దిక్కు గొర్రెలు కాసుకునేవాళ్లది. ఆ పొద్దు కారు కడిగి, ముఖం కడుక్కోని, ఉతికిన చీర కట్టుకోని పోయి నా సీట్లో కూర్చున్నా. మరిది వచ్చి చూసి బిత్తరపోయినాడు. "వదినా, దిగు. తంతారు నన్ను." "తన్నించుకో" అంటి. వాడు కారు తీసినాడు. ఆ ఊర్లో కారు ఆగేసరికి నా బోసి నొసలు చూసి జనం గుసగుస. ఒకాయన మరిదిని పక్కకు పిలిచి ఏందో అంటాండాడు. నేను డోరు పట్టుకోని కూర్చున్నా. లాగితే డోరుతో కూడా రావల్ల అనుకుంటి. అప్పుడు పెండ్లికొడుకు అవ్వ, నోట్లో తమలపాకు నములుతా, కిటికీ కాడికొచ్చి తల లోపల పెట్టింది. "ఏమమ్మా, దావ చూసేది నువ్వేనంట గదా? ఆసామోళ్లు నిన్ను దించే లగ్నం పోగొట్టుకున్నారంట?" "అవునవ్వా." ఆయమ్మ తిరిగి ఊరి మీద అరిచింది: "ఆయమ్మ కూర్చోనీ! మా అబ్బి టయానికి చేరల్ల, నాకు అదే కావల్ల!" జాలిపడి అనలేదు ఆయమ్మ. అందుకే నాకు నచ్చింది.

పెండ్లికొడుకు, అవ్వ ఎనక కూర్చున్నారు. ఊరు దాటి రవ్వంత దూరం పోతూనే ముందర నీళ్ల ట్యాంకరు, కారుకుంటా, పాకుతాంది. మరిది హారను కొట్టినాడు, మెడ చాపినాడు, లాభం లేదు. కడాకు నా దిక్కు చూడకుండానే, "వదినా... పోదునా?" అన్నాడు. అవతల దోవ కనుచూపు మేర ఖాళీ. కుక్క కూడా లేదు. "ఆగు" అంటి. ఆగినాడు. ఇంకొంచేపటికి మళ్లా అడిగినాడు. "ఆగమంటి కదా" అంటి. ఎనక నుంచి అవ్వ, "ఏమమ్మా, ఏమన్నా వస్తాందా?" అనె. "వస్తాందవ్వా, శానా పెద్దదే వస్తాంది" అంటి. ట్యాంకరు నీళ్లు రోడ్డు మీద కారి ఎండిపోయేది చూస్తా, వాని నొసటి మీద చెమట చూస్తా, నా కడుపు చల్లబడేదాకా కూర్చోని, అప్పుడు "పో" అన్నా. లగ్నానికి ముందే చేరినాము.

ఆ తర్వాత కారు తిరిగినన్నాళ్లు నేను లేకుండా తిరగలేదు. మాకొద్దని పోయినోళ్లు పోయినారు. మా మరిది ఇప్పటికీ పండగకొస్తే నా కండ్లలోకి చూడడు, నేనూ చూడమని అడగను. తల నెరిసిపోయింది, మోకాళ్లు అరిగిపోయినాయి, కండ్లకు పొర వచ్చి ఆపరేషను చేయించుకుంటి. ఏండ్లు నా ఒంట్లో దేన్నీ ముట్టకుండా వదల్లేదు. గదికి గెడియ పెట్టిన ఆ పొద్దు పుట్టిన కోపం ఒక్కటే వాటి చేతికి దొరకలేదు.